ఫోక్ క్లబ్బుకు ఒక తీరు, సెషన్‌కు ఒక తీరు: బ్రిటన్‌లో ఔత్సాహిక జానపద జంటకు సమగ్ర మార్గదర్శి

బ్రిటన్‌లో ఇద్దరు కలిసి జానపద సంగీతం వినిపించాలనుకుంటే ఊళ్లో రెండు రకాల చోట్లు దొరుకుతాయి: ఫోక్ క్లబ్, సెషన్. రెండూ ఎక్కువగా పబ్బుల్లోనే జరుగుతాయి. రెండు చోట్లా తరచూ అవే మొహాలు కనిపిస్తాయి. అందుకే కొత్త జంటలు రెండూ ఒకటే అనుకుని ఒకే సరంజామాతో వెళ్లి ఇబ్బంది పడతాయి. క్లబ్బులో జనం పాట వినడానికే వస్తారు, మాటమాటా వింటారు, పల్లవి అందుకుంటారు. సెషన్‌లో ప్రేక్షకులంటూ ఎవరూ లేరు. గుండ్రంగా కూర్చున్నవాళ్లంతా అందరికీ తెలిసిన ట్యూన్‌నే కలిసి వాయిస్తారు. క్లబ్బులో జంటగా వినిపించాలి, సెషన్‌లో జంట అన్న సంగతి మర్చిపోయి గుంపులో కలవాలి. కింద చెప్పేవన్నీ ఈ తేడాను బట్టి చెప్పేవే.

మొదటి అడుగు: వాద్యం తీసుకెళ్లకుండా వెళ్లి వినండి

ఏ క్లబ్బులోనైనా పాడే ముందు కనీసం రెండు రాత్రులు శ్రోతలుగా కూర్చోండి. క్లబ్ రాత్రులన్నీ ఒకేలా ఉండవు. 'సింగరౌండ్' అంటే గదిలో ఉన్నవాళ్లు వరసగా తలా ఒక పాట పాడటం. 'సింగర్స్ నైట్'లో పేరు ఇచ్చినవాళ్లను ఎంసీ (కార్యక్రమం నడిపేవారు) ఒక్కొక్కరినే ముందుకు పిలుస్తారు. 'గెస్ట్ నైట్'లో రుసుమిచ్చి పిలిపించిన కళాకారులు రెండు భాగాలుగా కచేరీ చేస్తారు. వాళ్లకు ముందు క్లబ్బు 'రెసిడెంట్లు' (అక్కడ ఎప్పుడూ పాడే సొంత గాయకులు), ఆ తర్వాత ఒకరిద్దరు 'ఫ్లోర్ స్పాట్' వాళ్లు పాడతారు. ఫ్లోర్ స్పాట్ అంటే రెండు పాటలు, పది నిమిషాలు. డబ్బులుండవు. కొన్నిచోట్ల ప్రవేశ రుసుము మాఫీ చేస్తారు.

గమనించాల్సినవి కొన్నే: మైకు ఉందా లేదా, ఎన్ని పాటలకు అవకాశమిస్తున్నారు, సంప్రదాయ పాటలా సొంత పాటలా, కాగితం చూసి పాడితే ఎలా చూస్తున్నారు, మాట్లాడే ఎంసీ ఎవరు. ఒక పద్ధతి మాత్రం ప్రతి క్లబ్బులోనూ ఉంటుంది. పాట నడుస్తుండగా తలుపు తీసుకుని లోపలికి రాకూడదు. బయటే నిలబడి, చప్పట్లు మొదలయ్యాక రావాలి.

సెషన్‌కు వెళ్లినప్పుడు ట్యూన్ల పేర్లు రాసుకోండి. పేరు తెలియకపోతే సెట్ (వరసగా వాయించే ట్యూన్లు) అయిపోయాక పక్కవాళ్లను అడగండి, సంతోషంగా చెబుతారు. ఫోన్లో రికార్డు చేసుకోవాలంటే ముందే అడగండి. ఇలా నాలుగైదు వారాలు వింటే ఆ గదిలో మళ్లీమళ్లీ వచ్చే ట్యూన్లు ఇరవయ్యో ముప్పయ్యో తేలుతాయి. మీరు నేర్చుకోవాల్సినవి అవే. ఇంకో ఊరి సెషన్‌లో ఎంత గొప్ప ట్యూన్ విన్నా ఇక్కడ ఎవరికీ రాకపోతే మీరొక్కరే వాయించుకోవాలి.

రెండో అడుగు: ఇద్దరి మధ్య పని పంచుకోవడం

జంటకు బాగా కుదిరే కూర్పులు: గిటారు–ఫిడిల్, గిటారు–కాన్సర్టీనా (చిన్న తిత్తి వాద్యం), బుజూకీ (పొడుగు మెడ తీగ వాద్యం)–ఫ్లూట్, మెలోడియన్ (బొత్తాల అకార్డియన్)–ఫిడిల్, లేదా రెండు గొంతులూ ఒక్క వాద్యమూ. ఇద్దరూ గిటారు వాయించేవాళ్లయితే ఒకరు మాండొలిన్‌కో బుజూకీకో మారడం మంచిది. ఒకే స్థాయిలో రెండు గిటార్లు స్ట్రమ్ చేస్తే పాట మాటలు వినపడవు. తప్పనిసరైతే ఒక గిటారుకు ఐదో ఫ్రెట్టు మీదో ఏడో ఫ్రెట్టు మీదో కాపో (తీగలను అదిమి శ్రుతి పెంచే బిగింపు) పెట్టి, రెండోది కాపో లేకుండా వాయించండి. అప్పుడు రెండింటి ధ్వనీ విడివిడిగా వినిపిస్తుంది.

మెలోడియన్ కొనాలనుకునేవాళ్లు ముందే ఆలోచించుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఇంగ్లిష్ సంగీతంలో ఎక్కువగా వాడే డి/జి మెలోడియన్ డి, జి శ్రుతుల్లో, వాటికి దగ్గరగా ఉన్న 'ఈ' (E) మైనర్ వంటి వాటిలో హాయిగా పలుకుతుంది. దానికి కాపో లేదు. పాట మీ గొంతుకు ఎఫ్‌లో సరిపోతే గొంతే సర్దుకోవాలి. పాత కాన్సర్టీనాల్లో కొన్ని నేటి ప్రామాణిక శ్రుతి 'ఏ' (A)=440 హెర్ట్జ్‌కు కలిసి ఉండవు. కొనేముందు ట్యూనర్ పెట్టి ప్రతి బొత్తామూ చూడండి. తీగ వాద్యాన్ని సర్దుకోవచ్చు, రీడ్లను (లోపల మోగే లోహపు నాలుకలను) ఫైలుతో గీకించాలి. ఆ పని చేసేవాళ్లు తక్కువ, ఖర్చు ఎక్కువ.

గిటారుకు మామూలు శ్రుతితో పాటు డి-ఏ-డి-జి-ఏ-డి శ్రుతి నేర్చుకోండి. 1960ల తొలినాళ్లలో డేవీ గ్రేహమ్ అనే బ్రిటిష్ గిటారిస్టు దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. తీగలను వట్టిగా మీటితే ఇందులో గాంధారం ఉండదు. షడ్జమం, మధ్యమం, పంచమం మాత్రమే ఉంటాయి. అందువల్ల మేజరో మైనరో తేల్చి చెప్పని పాత బాణీల కింద ఇది చక్కగా ఒదుగుతుంది. రెండో ఫ్రెట్టు మీద కాపో పెడితే శ్రుతి 'ఈ' (E), ఐదో ఫ్రెట్టు మీద పెడితే జి.

మన సంగీతం తెలిసినవాళ్లకు ఇక్కడ పెద్ద సౌలభ్యం ఉంది. ఈ పాటల్లో కనిపించే మోడ్‌లు (స్వరక్రమాలు) స్వరాల వరకు మనకు తెలిసిన మేళకర్తలే. అయోనియన్ శంకరాభరణం, డోరియన్ ఖరహరప్రియ, మిక్సోలిడియన్ హరికాంభోజి, ఏయోలియన్ నఠభైరవి. గమకాలు మాత్రం తీసుకురావద్దు, ఇక్కడి అలంకారాలు వేరు. గిటారు మీద కార్డులు (ఒకేసారి కలిపి మీటే స్వరాలు) వేసేవాళ్లు చేసే అతి సాధారణమైన తప్పు కూడా ఈ లెక్కలోనే అర్థమవుతుంది. 'ఏ' (A) మిక్సోలిడియన్ ట్యూన్‌లో నిషాదం జి నేచురల్, అంటే కైశికి. అలవాటు కొద్దీ దానికి 'ఈ' (E) మేజర్ కార్డు వేస్తే అందులోని జి షార్ప్, అంటే కాకలి నిషాదం, ఫిడిల్ పలికే జితో ఢీకొంటుంది. అక్కడ 'ఏ', 'జి' కార్డులు చాలు. 'ఈ' (E) డోరియన్‌కు 'ఈ' మైనర్, 'డి' చాలు. ఎక్కడైనా అనుమానమొస్తే గాంధారం లేని రెండు స్వరాల కార్డు వేసి ఊరుకోండి.

మూడో అడుగు: పాటలు ఏరుకోవడం

లండన్‌లోని సెసిల్ షార్ప్ హౌస్ 1930లో ప్రారంభమైంది. ఇంగ్లిష్ ఫోక్ డాన్స్ అండ్ సాంగ్ సొసైటీకి అదే కేంద్రం. అందులోని వాన్ విలియమ్స్ మెమోరియల్ లైబ్రరీ తన సేకరణల్లో చాలా భాగాన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. పల్లెల్లో పాడేవాళ్ల దగ్గర విని సేకర్తలు రాసుకున్న పుటలు అక్కడే చూడొచ్చు. వెతికేటప్పుడు పాట పేరు మీద ఆధారపడకండి. ఒకే పాటకు ఊరికో పేరు ఉంటుంది. రౌడ్ సూచికలో ఒక పాట రూపాంతరాలన్నిటికీ ఒకే అంకె ఉంటుంది, ఆ అంకెతో వెతకండి. పెద్ద కథా గేయాలకు 'చైల్డ్ నంబర్' ఉంటుంది. ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 1882–1898 మధ్య ప్రచురించిన 305 బ్యాలడ్‌ల వరస సంఖ్య అది.

పనికొచ్చే పద్ధతి ఏమిటంటే, ఒకే పాటకు మూడు నాలుగు రూపాంతరాలు పక్కపక్కన పెట్టుకుని చదవడం. ఇరవై చరణాల బ్యాలడ్‌లో కథను ముందుకు నడిపేవి పది పన్నెండే ఉంటాయి. చెప్పిందే చెప్పేవి వదిలేయండి. కానీ ఒక పంక్తి రెండుసార్లు వస్తే అది ఎందుకు వస్తోందో చూడకుండా తీసేయకండి. బ్యాలడ్‌లో పునరుక్తి వినేవాడికి ఊపిరి తీసుకునే చోటు. పాట మొత్తం ఐదారు నిమిషాలు దాటకుండా చూసుకోండి.

హక్కుల విషయం క్లుప్తంగా: సంప్రదాయ పాటకు కాపీరైట్ లేదు. ఎవరైనా కొత్తగా కూర్చిన అరేంజ్‌మెంట్‌కు ఉంటుంది. రచయిత తెలిసిన పాటకు బ్రిటన్‌లో ఆయన మరణించిన సంవత్సరం తర్వాత 70 ఏళ్ల వరకు హక్కు నిలుస్తుంది. అలాంటి పాట క్లబ్బులో పాడటానికి మీరు విడిగా అనుమతి తీసుకోనక్కర్లేదు, వేదిక కట్టే మ్యూజిక్ లైసెన్సు ఆ పని చూసుకుంటుంది. దాన్నే సీడీగా అచ్చు వేయించాలంటే మెకానికల్ లైసెన్సు (పాటను కాపీలు తీసే అనుమతి) కావాలి. పాడే ముందు రచయిత పేరు చెప్పడం మర్యాద. ఆ గదిలో ఆ రచయిత మిత్రులు కూర్చుని ఉండే అవకాశం చాలా ఎక్కువ.

తెలుగు జానపదం పాడొచ్చా అని చాలామంది అడుగుతారు. పాడొచ్చు, చెవులు రిక్కించుకుని వింటారు. తిరిగి పాడటానికి వీలైన మూడు నాలుగు అక్షరాల వంతపాట ఉన్నది ఎంచుకుని, మొదలుపెట్టే ముందు గది చేత రెండుసార్లు అనిపించండి. రెండు పాటల స్పాట్‌లో ఒకటి అక్కడిదీ ఒకటి మనదీ అయితే బాగుంటుంది.

నాలుగో అడుగు: రెండు గొంతులు

ఎక్కువ శ్రమ పెట్టాల్సింది ఇక్కడే. ముందు శ్రుతి తేల్చుకోండి. బాణీలో అట్టడుగు స్వరం, పై స్వరం ఏవో చూసి, ప్రధానంగా పాడేవారికి రెండూ హాయిగా పలికే చోట పెట్టండి. రెండో గొంతు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఈ పని సాయంత్రం, కాసేపు మాట్లాడాక చేయండి. పొద్దున లేవగానే గొంతు కిందికి దిగుతుంది, అప్పుడు కుదిరిన శ్రుతి రాత్రి తొమ్మిదింటికి కుదరదు.

రెండో గొంతుకు నాలుగు దారులు ఉన్నాయి: అదే బాణీ కలిసి పాడటం, మూడో స్వరం దూరంలో పైనో కిందో నడవడం, ఆరో స్వరం దూరంలో కింద నడవడం, షడ్జమమో పంచమమో పట్టుకుని నిలబడటం. పాట పొడుగునా మూడో స్వరంలో నడిస్తే ఎంత తీపిదైనా మూడో చరణానికి వెగటు పుడుతుంది. మొదటి చరణం ఒక్కరే పాడండి. కథ ఏమిటో వినేవాళ్లకు తెలియాలి. రెండో గొంతు పల్లవికి రానివ్వండి. కథ మలుపు తిరిగే చరణంలో మళ్లీ ఒక్క గొంతే ఉంచండి.

తర్వాత అంచులు. రెండు గొంతులు విడిపోయి వినపడేది అచ్చుల దగ్గర కాదు, పదం చివరి హల్లుల దగ్గర. పంక్తి చివర 'స్', 'ట్' వంటి ధ్వని ఉంటే ఇద్దరూ చెరో క్షణంలో పలికి 'స్-స్' అని రెండుసార్లు వినిపిస్తుంది. దీనికి మందు సులువు: ఆ చివరి హల్లు ఒక్కరే పలకాలి, రెండోవారు అచ్చు దగ్గరే ఆపేయాలి. ఎవరు పలకాలో పాట కాగితం మీద గీత పెట్టుకోండి. అలాగే ఊపిరి తీసుకునే చోట్లకు గుర్తు పెట్టుకోండి. ఇద్దరూ ఒకే చోట ఊపిరి తీసుకుంటే తర్వాతి పంక్తి దానంతటదే ఒకేసారి మొదలవుతుంది, తల ఊపి సైగ చేయనక్కర్లేదు. 

నిలబడే తీరు కూడా ముఖ్యమే. ఒకరి మొహం ఒకరికి కనిపించేలా కాస్త లోపలికి తిరిగి, మూరెడు దూరంలో నిలబడండి. గిటారు మెడ భాగస్వామి వైపు కాకుండా బయటికి ఉండేలా చూసుకుంటే ఫిడిల్ విల్లు దానికి తగలదు.

ఐదో అడుగు: రిహార్సల్

వారానికి రెండు గంటలు చాలు, ప్రతి వారం జరగాలి. అందులో పదిహేను నిమిషాలు శ్రుతి, గొంతు సవరణ. నలభై నిమిషాలు కొత్త పాట. నలభై నిమిషాలు పాత పాటల్లో పాడైన చోట్లు. చివరి ఇరవై ఐదు నిమిషాలు నిలబడి, పరిచయ వాక్యాలతో సహా, ఎక్కడ తప్పినా ఆగకుండా ఐదు పాటలు. ఈ చివరి భాగాన్నే జంటలు ఎగ్గొడతాయి. ఇంట్లో తప్పు వచ్చిన ప్రతిసారీ ఆగి మొదలుపెట్టే అలవాటైతే క్లబ్బులోనూ నోరు అక్కడే ఆగిపోతుంది.

ఫోన్ రెండు మీటర్ల దూరంలో పెట్టి రికార్డు చేసి, మర్నాడు వినండి. ముందు చూడాల్సింది వేగం. మొదటి చరణం, చివరి చరణం పక్కపక్కన పెట్టి వింటే ఎంత పరిగెత్తారో తెలుస్తుంది. పరుగు సాధారణంగా మొదలులోనే పడుతుంది. గిటారు ఉపోద్ఘాతాన్ని కంగారులో త్వరగా అందుకుంటారు. మొదలుపెట్టే ముందు పల్లవి మొదటి పంక్తిని మనసులో ఒకసారి పాడుకుని, ఆ వేగంతోనే ఉపోద్ఘాతం వాయించండి.

మాటలు కంఠస్థం కావడానికి పాటను చేత్తో ఒకసారి రాయండి. తర్వాత ప్రతి చరణానికీ మొదటి రెండు పదాలే ఒక జాబితాగా రాసి, దాన్ని చూసి పాడండి. చరణంలో మాటలు మర్చిపోవడం అరుదు. ఏ చరణం తర్వాత ఏది అన్నదే తప్పుతుంది. మర్చిపోతే ఏం చేయాలో ముందే ఒప్పందం ఉండాలి: పాడేవారు భాగస్వామి వైపు చూస్తే, ఆయన తర్వాతి చరణం మొదటి రెండు పదాలు అందించాలి. ఆయనకూ తోచకపోతే వాద్యం మీద ఒక చరణం నడిపించండి. అది ముందే అనుకున్నదని జనం అనుకుంటారు.

ఫ్లోర్ స్పాట్లకు గట్టిగా వచ్చిన ఆరు పాటలు చాలు. గెస్ట్ నైట్‌కు పద్దెనిమిది, వాటికి తోడు 'మళ్లీ' అన్నప్పుడు పాడటానికి రెండు.

ఆరో అడుగు: మొదటి ఫ్లోర్ స్పాట్

ప్రారంభానికి అరగంట ముందు వెళ్లి ఎంసీని కలవండి. "ఇద్దరం, గిటారూ ఫిడిలూ, రెండు పాటలు" అని పేర్లు ఇస్తే చాలు, మీ చరిత్ర చెప్పనక్కర్లేదు. చలికాలంలో కారు డిక్కీలోంచి తెచ్చిన గిటారును వెంటనే శ్రుతి చేయొద్దు. వెచ్చని గదిలో ఉక్కు తీగలు సాగి శ్రుతి దిగిపోతుంది. పెట్టె తెరిచి ఇరవై నిమిషాలు ఆగండి. టిన్ విజిల్ (లోహపు చిన్న వేణువు) చల్లగా ఉంటే కింది శ్రుతిలో పలుకుతుంది కాబట్టి చేతుల్లో పట్టుకుని, లోపలికి ఊపిరి వదిలి వెచ్చబెట్టాకే కలపాలి. కాపో ఫ్రెట్టుకు ఆనుకుని వెనకే ఉండాలి. మధ్యలో బిగిస్తే తీగలు పైకి లాగబడి శ్రుతి పెరుగుతుంది. పెట్టిన ప్రతిసారీ సరిచూసుకోండి. ఇద్దరూ ఒకే క్లిప్ ట్యూనర్ వాడితే ఒక వాదన తగ్గుతుంది.

మొదటి పాట పల్లవి ఉన్నది, మధ్యమ వేగంలోది, ఇద్దరికీ నిద్రలో లేపినా వచ్చేది అయి ఉండాలి. కష్టమైన కొత్త పాటను ఎప్పుడూ రెండోదిగా పెట్టండి. పరిచయం ఇరవై ముప్పై సెకన్లు: పాట ఏ ప్రాంతంలో సేకరించారు, దేని గురించి, పల్లవి మాటలేమిటి. కథ ముగింపు చెప్పేయకండి. చాలా జంటల దగ్గర పరిచయం పాట కంటే పొడుగవుతోంది, అది ఎంసీకి తలనొప్పి. రెండు పాటలంటే రెండే. చప్పట్లు ఎంత మోగినా మూడోది ఎంసీ అడిగితేనే.

గది పల్లవి అందుకోగానే పాట బరువెక్కి వేగం తగ్గుతుంది. ముప్పై మంది ఊపిరి తీసుకుని, ఒకరి శ్రుతి ఒకరు వింటూ పాడతారు కాబట్టి అది సహజం. వాళ్లను తరమకండి. అలాగని వాళ్లతో పాటు కిందికి జారిపోకండి. ప్రతి ఆవర్తనం మొదటి దెబ్బను గిటారు మీద కొంచెం గట్టిగా వేస్తే చాలు, గది మళ్లీ తాళంలోకి వస్తుంది.

మీ వంతు అయ్యాక చివరిదాకా ఉండండి. ర్యాఫిల్ (చిన్న లాటరీ) టిక్కెట్టు కొనండి. గెస్ట్‌లకు ఇచ్చే రుసుములో కొంత ఆ టిక్కెట్లమీదే వస్తుంది. పాడేసి వెళ్లిపోయే జంట పేరు ఎంసీలందరికీ గుర్తుంటుంది.

ఏడో అడుగు: సెషన్‌లో కూర్చోవడం

చాలా ట్యూన్లకు రెండు భాగాలు ఉంటాయి, భాగానికి 8 బార్లు (తాళపు ఆవర్తనాలు). ఒక్కోటి రెండుసార్లు వాయిస్తే 32 బార్ల చుట్టు. ఆ చుట్టును సాధారణంగా మూడుసార్లు వాయించి, ఆగకుండా ఇంకో ట్యూన్‌లోకి వెళ్తారు. ఇలా రెండు మూడు ట్యూన్లు కలిపి ఒక 'సెట్'. నిమిషానికి 110 దెబ్బల వేగంతో, బారుకు రెండు దెబ్బల లెక్కన రీల్ అనే నాట్య బాణీ వాయిస్తే ఒక చుట్టు 35 సెకన్లు, మూడు ట్యూన్ల సెట్ ఐదు నిమిషాల పైచిలుకు. జిగ్ 6/8, అంటే తిశ్రగతిలో నడిచే రెండు దెబ్బలు. స్లిప్ జిగ్ 9/8, అదే నడకలో మూడు దెబ్బలు. రీల్‌ను చతురశ్రంగా లెక్కపెట్టుకోవచ్చు. ఐరిష్ సెషన్లలో రీళ్లు, జిగ్‌లు ఎక్కువ, వేగమూ ఎక్కువ. ఇంగ్లిష్ సెషన్లలో పోల్కాలు, హార్న్‌పైపులు, మెలోడియన్లు ఎక్కువ, నడక నిదానం. డి, జి శ్రుతులు రెండు చోట్లా రాజ్యమేలుతాయి, ఎందుకంటే మామూలు విజిల్, ఫ్లూట్ డిలో ఉంటాయి.

కూర్చునే ముందు "ఈ కుర్చీ ఎవరిదైనా ఉందా?" అని అడగండి. ఖాళీగా కనిపించే కుర్చీ తరచూ ఇరవై ఏళ్లుగా వస్తున్నవారిది. చాలా పబ్బులు ఒకరిద్దరికి డబ్బిచ్చి సెషన్ నడిపిస్తాయి. వాళ్లెవరో గుర్తించి, వాళ్లకు కాస్త దూరంగా కూర్చోండి. ఇద్దరూ పక్కపక్కన కూర్చోకపోవడమే మంచిది. పక్కపక్కన కూర్చుంటే మీ ఇద్దరి అరేంజ్‌మెంటే నడుస్తుంది, చుట్టూ ఏం జరుగుతోందో వినపడదు.

గిటారు వాయించేవారికి ఇది కఠినమైన చోటు. ఒక సెట్‌కు ఒక్క గిటారే. ఇంకొకరు వాయిస్తుంటే మీది ఒళ్లో పెట్టుకుని వినండి. ఇద్దరి కార్డులు కలవకపోతే ట్యూన్ వాయించేవాళ్లకు కాళ్ల కింద నేల కదిలినట్టుంటుంది. బోధ్రాన్ అనే చేతి డప్పుకూ అంతే, ఒకసారికి ఒక్కటే. ట్యూన్ తెలియకపోతే మొదటి చుట్టు వినండి, రెండో చుట్టులో షడ్జమ పంచమాలు మెల్లగా మీటండి, మూడో చుట్టుకు కార్డులు దొరుకుతాయి. అప్పటికీ దొరకకపోతే ఆపేయండి. మోత మోగించే అర్ధజ్ఞానం కంటే మౌనానికి అక్కడ ఎక్కువ మర్యాద.

ఫిడిలో విజిలో వాయించేవారు తెలియని ట్యూన్‌ను వేళ్లతో వెతుకుతూ పైకి వినిపించకూడదు. ఇంటికెళ్లి నేర్చుకోండి. 'ద సెషన్' అనే వెబ్‌సైటులో వేల ట్యూన్లు ఏబీసీ లిపిలో (స్వరాలను ఇంగ్లిష్ అక్షరాలతో రాసే పద్ధతి) దొరుకుతాయి. కాకపోతే కాగితం మీది రూపానికీ మీ పబ్బులో వాయించే రూపానికీ తేడా ఉంటుంది, పబ్బుదే లెక్క. నేర్చుకునేవాళ్ల కోసం 'స్లో సెషన్లు' విడిగా నడుస్తాయి, మొదటి ఆరు నెలలు అక్కడికే వెళ్లండి.

ఎవరైనా "మీరొకటి ఎత్తుకోండి" అంటే వేగం మీకు హాయిగా ఉండేదే పెట్టండి, ఎత్తుకున్నవారిదే వేగం. ట్యూన్ మారేముందు తల ఎత్తి చూడండి, లేదా "హప్" అనండి. సెట్ ముగించాలనుకున్నప్పుడు పాదం ఎత్తి చూపిస్తే అర్థమవుతుంది. పాట పాడమని అడిగితే ఒకటి పాడండి. అడగకుండా ఇద్దరూ లేచి క్లబ్ పాటలు మొదలుపెడితే పది వాద్యాలు ఊరికే కూర్చోవాలి.

మైకు ఉన్నప్పుడు

చిన్న క్లబ్ గదుల్లో మైకు అక్కర్లేదు. అవసరమైన చోట గొంతుకు డైనమిక్ మైకు చెరొకటి, గిటారుకు పికప్, దాని సంకేతాన్ని మిక్సరుకు చేర్చే డీఐ బాక్సు, ఫిడిల్‌కు అడుగు దూరంలో పైనుంచి ఒక మైకు చాలు. గొంతు ఛానళ్లలో 100 హెర్ట్జ్ కింది ధ్వనిని కోసేయమనండి. పెదవులు మైకుకు తగిలించి పాడితే మంద్రం ఉబ్బి మాటలు మసకబారతాయి, జానెడు దూరం మంచిది. గిటారు ఊళ పెడితే వాల్యూమ్ తగ్గించే ముందు మూడు పనులు చూడండి: స్పీకరుకు ఎదురుగా ఉన్నారేమో తిరగండి, ప్రీయాంప్‌లో ఫేజ్ బొత్తాం మార్చండి, సౌండ్‌హోల్‌కు రబ్బరు మూత పెట్టండి. గిటారు పెట్టెలోని గాలి కంపించే స్థాయి 100 హెర్ట్జ్ దగ్గర్లో ఉంటుంది, ఊళ ఎక్కువగా అక్కడే పుడుతుంది.

సంచిలో ఎప్పుడూ ఉండాల్సినవి: ఒక సెట్ తీగలు, ముఖ్యంగా తరచూ తెగే సన్నతీగలు అదనంగా రెండు, తీగ కట్టర్, కాపో రెండు, ఫిడిల్ విల్లుకు రాసే రోజిన్, 9 వోల్టుల బ్యాటరీ, ట్యూనర్‌కు గుండ్రటి బ్యాటరీ, మంచినీళ్లు.

డబ్బు, చట్టం, వీసా

2012 నాటి లైవ్ మ్యూజిక్ యాక్ట్ ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో ఉదయం 8 నుంచి రాత్రి 11 వరకు మైకు లేని సంగీతానికి వినోద లైసెన్సు అవసరం లేదు. మైకుతోనైనా మద్యం లైసెన్సున్న పబ్బులో 500 మంది శ్రోతల వరకు అదే వెసులుబాటు. ఇది పబ్ యజమాని చూసుకునే విషయమే అయినా, 11 గంటలకు కచ్చితంగా ఎందుకు ఆపమంటారో మీకు తెలిసి ఉండాలి.

రుసుము రావడం మొదలైతే లెక్క రాయండి. ఒక పన్ను సంవత్సరంలో, అంటే ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 వరకు, ఇలాంటి రాబడి మొత్తం మనిషికి 1,000 పౌండ్లు దాటనంతవరకు ట్రేడింగ్ అలవెన్సు అనే పన్ను మినహాయింపు కిందికి వస్తుంది. ఇద్దరూ భాగస్వామ్య సంస్థగా ఏర్పడితే ఆ రాబడికి ఈ వెసులుబాటు వర్తించదు. చెరో సగం విడివిడిగా తీసుకోవడం సులువు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవారికి స్వయం ఉపాధికి గానీ ఎంటర్‌టైనర్‌గా పనిచేయడానికి గానీ అనుమతి లేదు. ఇతర వీసాలున్నవారు కూడా రుసుముకు ఒప్పుకునే ముందు తమ షరతులు చదువుకోవాలి. సొంత స్పీకర్లు తీసుకెళ్లేవారిని కొన్ని వేదికలు పబ్లిక్ లయబిలిటీ బీమా అడుగుతాయి. మ్యూజిషియన్స్ యూనియన్ సభ్యత్వంతో అది వస్తుంది.

ఎనిమిదో అడుగు: గెస్ట్ నైట్

ఫ్లోర్ స్పాట్లు నచ్చిన క్లబ్బు ఏదో ఒక రోజు అడుగుతుంది. మీరే అడగాలనుకుంటే నిర్వాహకులకు చిన్న ఈమెయిలు చాలు: ఏం వాయిస్తారు, ఎక్కడెక్కడ పాడారు, రెండు పాటల రికార్డింగ్ లింకు, ఎంత దూరం రాగలరు. రికార్డింగ్ ఇంటి గదిలో ఫోన్‌తో తీసినదైనా ఫర్వాలేదు, మీరు నిజంగా వినిపించేదే ఉండాలి. స్టూడియోలో ఆరు గొంతులు కలిపినది పంపితే అక్కడ ఇద్దరే దిగినప్పుడు అడిగేవాళ్లకు సమాధానం ఉండదు. చాలా క్లబ్బులు ఆరు నెలల నుంచి ఏడాది ముందే తేదీలు నింపుకుంటాయి. రుసుము స్థిరమా, తలుపు దగ్గర వసూలైన దాంట్లో వాటానా, ప్రయాణ ఖర్చు ఉందా అన్నది ఈమెయిల్లోనే తేల్చుకోండి.

కచేరీ మామూలుగా 45 నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్యలో ర్యాఫిల్. మాటలతో కలిపి పాటకు ఐదు నిమిషాలు లెక్కేసి భాగానికి తొమ్మిది పెట్టుకోండి. వరస కూర్చేటప్పుడు మూడు పట్టికలు వేయండి: శ్రుతి, వేగం, ఇతివృత్తం. ఒకే శ్రుతిలో మూడు పాటలు వరసగా వద్దు. మునిగిపోయిన నావికుల పాటలు రెండు పక్కపక్కన వద్దు. గిటారు శ్రుతి మార్పులను ఒకచోట చేర్చి, మామూలు శ్రుతివన్నీ మొదటి భాగంలో, డి-ఏ-డి-జి-ఏ-డివి రెండో భాగంలో పెడితే వేదిక మీద తీగలు తిప్పే పని విరామంలోనే అయిపోతుంది. అలా కుదరని చోట ఒకరు శ్రుతి చేస్తుండగా రెండోవారు తర్వాతి పాట గురించి చెప్పాలి. ఆ మాట ఎవరిదో జాబితాలోనే రాసి ఉండాలి. వాద్యాలు మాత్రమే మోగే ట్యూన్ సెట్ ఒకటి ప్రతి భాగంలో ఐదో స్థానంలో పెట్టండి, గొంతులకు విశ్రాంతి దొరుకుతుంది. అన్నిటికంటే పొడవైన బ్యాలడ్ రెండో భాగంలో మూడోదిగా బాగా నిలుస్తుంది, అప్పటికి గది కుదురుకుని ఉంటుంది. చివరిది పల్లవి పాట. సమయం మించిపోతే తీసేయాల్సిన పాట ఏదో రెండు భాగాల్లోనూ ముందే చుక్క పెట్టుకోండి. జాబితా రెండు కాపీలు పెద్ద అక్షరాల్లో రాసి, చెరొకరి కాళ్ల దగ్గర పెట్టుకోండి.